ప్రేమకు ఎన్ని గళ్ళు? నుడికట్టులో ఆప్యాయత మాటలు పట్టుకునే పద్ధతి

ఆదివారం పొద్దున తిరుపతి స్టేషన్లో పేపరు కొనుక్కుని కాట్పాడి వైపు పోయే ప్యాసింజరు ఎక్కితే, చంద్రగిరి వచ్చేలోపు గళ్ళ నుడికట్టులో, అంటే క్రాస్‌వర్డ్‌లో, సులువైనవన్నీ అయిపోతాయి. పాకాల దాటేసరికి మిగిలేవి మొండివి. వాటిలో వారం తప్పి వారమైనా ఒకటి తగులుతుంది: 'ప్రేమ (3)'. లేదంటే 'ఇష్టం (4)'. బ్రాకెట్లోది జవాబుకు ఎన్ని గళ్ళో చెప్పే లెక్క. చూడ్డానికి ఇంతకన్నా తేలికైన ఆధారం ఉండదు. తీరా పెన్ను పెడితే అరడజను మాటలు ఒకేసారి మీద పడతాయి. మమతా? వలపా? కూరిమా? అర్థం తెలియక ఆగిపోవడం ఒక రకం, అర్థం మరీ ఎక్కువ తెలిసి ఆగిపోవడం ఇంకో రకం. ప్రేమ దగ్గర మనకు పట్టేది ఈ రెండో జబ్బు.

దీనికి నేను వాడే మందు ఇది. సగం నాది, సగం చిత్తూరులో ఉండే మా అవ్వది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. అద్దాలు పెట్టుకున్నా గళ్ళు కనబడవు. నేను ఆధారం చదువుతాను, ఆమె వేళ్ళ కణుపుల మీద అక్షరాలు లెక్కపెట్టి జవాబు చెబుతుంది.

ముందు గళ్ళు లెక్కపెట్టండి

ఆర్థర్ విన్ మొదటి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. గడికో అక్షరం అన్న పద్ధతి అప్పటిదే. అది తెలుగుకు వచ్చేసరికి అక్షరం అంటే హల్లు, గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి కట్టిన మూట. అందుకే ఇంగ్లీషు లవ్‌కు నాలుగు గళ్ళు కావాలి, మన ప్రేమ రెండింట్లో సర్దుకుంటుంది. ప్రే ఒక గడి, మ ఒక గడి. పలకడానికి అంత బరువున్న వాత్సల్యానికీ మూడే: వా, త్స, ల్యం.

కొత్తవాళ్ళు తడబడేది సున్న దగ్గర. సున్నకు విడిగా గడి ఉండదు, ముందున్న అక్షరంతోనే పోతుంది. అ, ను, రా, గం. నాలుగు. అయితే ఆధారం పక్కన 5 అని ఉన్నంత మాత్రాన అనురాగాన్ని కొట్టేయకండి. నుడికట్టు కూర్చినవారు పాత పద్ధతి మనిషైతే 'అనురాగము' అని రాసుకుని ఉంటారు. 'ము' వచ్చి చేరితే ఒక గడి పెరుగుతుంది. స్నేహం రెండు, స్నేహము మూడు. ప్రణయం మూడు, ప్రణయము నాలుగు. లెక్కకు ఒక్క గడి తక్కువై మాట సరిపోనప్పుడు నేను మొదట చూసేది ఈ 'ము' కిటుకే. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

పొల్లు హల్లు వస్తే మామూలుగా దానికి వేరే గడి ఇస్తారు. టెన్నిస్‌లో సున్నను లవ్ అంటారు, కాబట్టి 'టెన్నిస్‌లో సున్న (2)' అంటే ల, వ్. ఇంగ్లీషు మెలిక (క్రిప్టిక్) పజిళ్ళలో ఈ టెన్నిస్ సున్నే పెద్ద ఆయుధం. ఆధారంలో ప్రేమ కనబడితే గుండ్రటి 'ఓ' అక్షరం పెట్టుకోమని దానర్థం. తెలుగులో ఆ పప్పులు ఉడకవు, ఆ అలవాటున్నవాళ్ళు దాన్ని గుమ్మం బయటే వదిలిపెట్టి రావాలి.

ఇక సరుకు. రెండు గళ్ళవి: ప్రేమ, ప్రీతి, ప్రియం, ఇష్టం, నెయ్యం, స్నేహం, కూర్మి, గారం, ముద్దు, రాగం, మోహం, తమి, బాళి, హార్దం. మూడు గళ్ళవి: మమత, మక్కువ, వలపు, కూరిమి, చెలిమి, నెనరు, ఎలమి, ప్రణయం, వాత్సల్యం, మురిపెం, గారాబం, ప్రియత. నాలుగువి: అనురాగం, అభిమానం, అనురక్తి, అనుబంధం, మమకారం, ఆప్యాయత. అయిదుకు పోతే ప్రేమానురాగం లాంటి జంటలు.

నాలుగు గళ్ళ వరసను ఒకసారి పరకాయించి చూడండి. ఆరింట్లో నాలుగు 'అ'తో మొదలవుతున్నాయి. కాబట్టి నిలువు మాట నుంచి మొదటి గడిలో 'అ' పడిందని సంబరపడి లాభం లేదు. రెండో గడిలో 'ను' పడినా మూడు మాటలు పోటీలోనే ఉంటాయి. తీర్పు మూడో గడిది: రా అయితే అనురాగం, ర అయితే అనురక్తి, బం అయితే అనుబంధం. ఈ వరస ఎదురైతే మూడో గడిని దాటే నిలువు మాట మీదే ముందు కూర్చోండి. అలాగే మూడు గళ్ళ వరసలో చివర 'మి' తేలితే కూరిమి, చెలిమి, ఎలమి మూడూ పోటీకి వస్తాయి, అక్కడ మొదటి గడి కావాలి.

ఎవరికి, ఎవరి మీద?

అసలు పని ఇక్కడ. నిఘంటువు ఈ మాటలన్నిటికీ ఎదురుగా 'ప్రేమ' అని రాసి చేతులు దులుపుకుంటుంది. కూర్చేవారు అలా రాయరు. ప్రతి మాటకూ ఒక దిక్కు ఉంటుంది, ఎవరి దగ్గర బయలుదేరి ఎవరి దగ్గరికి పోతుందో. మంచి ఆధారంలో ఆ దిక్కు ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుంటే పోటీలో ఉన్న ఆరు మాటలు రెండుకు దిగుతాయి.

వాత్సల్యం చూడండి. వత్సం అంటే దూడ. దూడను నాకుతున్న ఆవు ఆ మాటలోనే నిలబడి ఉంది. కాబట్టి అది పెద్ద నుంచి చిన్నకే పోతుంది, ఎదురు రాదు. కొండ మీది స్వామిని భక్తవత్సలుడు అంటాం. మనకు స్వామి మీద వాత్సల్యం ఉందని ఎవరూ అనరు, మనది భక్తి. 'దేవుడికి మన మీద (3)' అంటే వాత్సల్యమో కరుణో. 'మనకు దేవుడి మీద (2)' అంటే భక్తి. ఆధారంలో మారింది విభక్తి ప్రత్యయాల చోటే, జవాబు మాత్రం కొండ దిగి అలిపిరికి వచ్చేసింది.

మమత, మమకారం రెండింట్లోనూ 'మమ' ఉంది, సంస్కృతంలో 'నాది' అని. నాది అనుకోవడానికి ఎదురుగా ప్రాణమున్న మనిషే ఉండనక్కర్లేదు. పాత ఇల్లు, అమ్మేసిన మామిడితోట, తాత గడియారం ఏదైనా కావచ్చు. ఆధారంలో వస్తువో ఊరో కనబడినా, 'వదులుకోలేనిది' అన్న ధ్వని ఉన్నా మమకారం వైపు మొగ్గండి.

అభిమానం దూరం నుంచి పుట్టేది. తెర మీద బొమ్మను చూసి విజిల్ వేసేవాడు అభిమాని, వాణ్ణి అనురాగి అనరు. ఈ మాటకు రెండో ముఖం కూడా ఉంది, ఆత్మగౌరవం. 'దెబ్బతినేది (4)' అని ఇస్తే ప్రేమ ఊసే లేకుండా అభిమానం జవాబవుతుంది. ఈ దెబ్బ నేను రెండుసార్లు తిన్నాను.

ఆప్యాయత పుట్టిందే తృప్తిపరచడం నుంచి, అందుకే దాని మకాం విస్తరి దగ్గర, గడప దగ్గర. కొసరి కొసరి వడ్డించడం, ఊరి నుంచి వచ్చినవాణ్ణి తలుపు దగ్గరే పలకరించడం ఆధారంలో ఉంటే అదే. గారం, గారాబం, మురిపెం పిల్లలవి. వాటిలో గారాబానికి కొంచెం నింద కూడా అంటుకుని ఉంది, 'పిల్లల్ని చెడగొట్టేది (3)' అంటే మురిపెం రాయకండి. నెయ్యం, చెలిమి సమానుల మధ్యవి. వలపు, ప్రణయం ఇద్దరి మధ్యవి, మూడోవాడికి చోటు లేదు.

కూరిమి ఒక్కటే ఎటూ పట్టు దొరకని మాట. అన్నదమ్ముల మధ్యా ఉంటుంది, ఆలుమగల మధ్యా ఉంటుంది, స్నేహితులకూ సరిపోతుంది. దీన్ని సుమతీ శతకం తోవన పట్టుకోవడం మేలు. కూరిమి విరసమైతే నేరాలే తోస్తాయన్న పద్యం బడికి పోయిన ప్రతివాడికీ వచ్చు, కూర్చేవారికీ వచ్చు. ఆధారంలో తప్పులు, నేరాలు, మంచిరోజులు తగిలితే ముందు కూరిమి పెట్టి చూడండి.

రెండు బతుకులున్న మాటల్ని విడిగా గుర్తుపెట్టుకోండి. రాగం ప్రేమా అవుతుంది, ఎరుపూ అవుతుంది, పాటా అవుతుంది. 'ఎరుపెక్కిన పాట (2)' అన్నది అందుకే నిలుస్తుంది. స్నేహానికి సంస్కృతంలో నూనె అన్న అర్థం కూడా ఉంది. 'జిడ్డుగా ఉన్నా విడవని బంధం (2)' అని చదివి విసుక్కోకుండా స్నేహం రాసేయండి.

ఒక మూలను దగ్గర పెట్టుకుని

ఒక ఆదివారం నన్ను పాకాల నుంచి చిత్తూరు దాకా ఏడిపించిన ఎడమ పై మూల ఇది. నాలుగు ఆధారాలు.

1 అడ్డం: మమ అనిపించి మిరపపొడి చల్లారు, వదులుకోలేనిది (4)
1 నిలువు: తక్కువ కాని ఇష్టం (3)
2 నిలువు: తొలిది పుట్టింట్లోనే (3)
3 అడ్డం: మనసు పడితే పుట్టేది (3)

మొదటిది రైలు కదలకముందే వచ్చింది. మమ, దాని వెనక కారం, మమకారం. రెండో నిలువు దాని 'కా' నుంచి దిగుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో కదా, మూడు గళ్ళు కాబట్టి కానుపు. ఇక మొదటి నిలువు 'మ'తో మొదలవ్వాలి, ఇష్టం, మూడు గళ్ళు. పెన్నుతో 'మమత' అని గట్టిగా రాసేశాను. దాంతో కింద వరసలో త, ఖాళీ, పు అని పడ్డాయి. మనసులో పుట్టేది తలపే కదా. తలపు. అన్నీ అతికాయి. అతికినంత మాత్రాన జవాబు కాదని తెలిసింది ఇంటికి పోయాకే.

అవ్వకు నాలుగూ చదివి వినిపించాను. మూడో అడ్డం దగ్గర ఆపింది.

"తలపు అందరి మీదా వస్తాది నైనా. అప్పులోడి మీద కూడా వస్తాది. మనసు పడేది ఒకరి మీదే గదా?"

వలపు. అప్పుడు మొదటి నిలువు 'వ'తో ముగియాలి. 'తక్కువ కాని' అని వాళ్ళు ఊరికే అనలేదు. తక్కువకు తల మారిస్తే మక్కువ.

మ మ కా రం
క్కు ■ ను ■
వ ల పు ■

ఇందులో నేర్చుకోవాల్సింది నా తప్పు ఎక్కడ మొదలైందన్నది. మమత రాసినప్పుడు 'ఇష్టం' ఒక్కటే చదివాను, 'తక్కువ కాని' అన్న రెండు మాటలు అలంకారం అనుకున్నాను. మూడు గళ్ళకు మూడు మాటలు ఖర్చుపెట్టిన ఆధారంలో ఏ మాటా అలంకారం కాదు. ఏదైనా మిగిలిపోతోందంటే జవాబు ఇంకా రాలేదనే. అప్పటి నుంచి పెన్సిలే వాడుతున్నాను.

మెలికలు విప్పడం

శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు తెలుగు పాఠకుడికి ఈ మెలికల రుచి చూపించాయి. మెలిక ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి అర్థం, ఇంకోటి అక్షరాలతో ఆట. అర్థం దాదాపు ఎప్పుడూ మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. ప్రేమ, ఇష్టం, మనసు లాంటి మాట ఏ కొసన ఉందో చూసి అక్కడ గీత గీసుకోండి. మిగతాదంతా ఆటే.

అతికింపు ఆట అన్నిటికన్నా ఎక్కువ. 'వల వేసి పులి తల పట్టుకుంటే ప్రేమ (3)'. చివర ఉన్న ప్రేమ అర్థం. వల, దాని పక్కన పులిలో మొదటి అక్షరం, వలపు. 'మమ అనిపించి తల్లి మొదలు కలిపారు, ప్రేమే (3)' అంటే మమ, త. పూజలో సంకల్పం చెప్పినప్పుడు అనే ఆ 'మమ', పని తూతూమంత్రంగా ముగించడానికి కూడా నానుడైంది కదా. అందుకే కూర్చేవారికి ఆ మాటంటే ప్రాణం, మమత దగ్గరా మమకారం దగ్గరా అదే తిప్పి తిప్పి వాడతారు.

తల మార్పిడి మక్కువ దగ్గర చూశాం. కలిమి, బలిమి, చెలిమి కూడా ఆ కుటుంబమే. 'డబ్బుకు తల మారిస్తే దోస్తీ (3)' అంటే కలిమి తీసి చెలిమి పెట్టాలి.

దీర్ఘం, కొమ్ము, ఒత్తు మార్చే ఆటలు ఇంగ్లీషుకు దక్కని సొత్తు. 'మొహానికి దీర్ఘం పెడితే వ్యామోహం (2)': మొహం సాగి మోహం అయింది. నాకు అన్నిటికన్నా నచ్చేది వ్యాకరణం మీద ఆడేది. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని బడిలో బట్టీ పట్టాం కదా. 'కారం సరళమైతే పిల్లలకు ముద్దు (2)'. క సరళమైతే గ, గారం. ఇలాంటి ఆధారం కూర్చినవారు ఎదురైతే కాఫీ ఇప్పించాలనిపిస్తుంది.

తిరగబడిన, వెనుదిరిగిన అని ఉంటే కుడి నుంచి ఎడమకు చదవండి. నిలువులో అయితే అదే పని 'పైకి లేచిన' అనే మాట చేస్తుంది. చెదిరిన, కలగాపులగమైన అంటే అక్షరాలు కలిపి వేయాలి. 'లోపల', 'మధ్య' అంటే ఆధారంలోనే జవాబు నక్కి ఉంటుంది. ప్రేమ మాటల్లో ఈ మూడూ అంతగా రావు.

జవాబు ఏ రూపంలో ఉండాలో ఆధారమే చెబుతుందని మరచిపోకండి. 'ఇష్టంతో (3)' అంటే ప్రీతితో, కూర్మితో. 'ప్రేమించు (3)' అంటే వలచు. నామవాచకానికి నామవాచకం, క్రియకు క్రియ.

సరిహద్దు మాటల దగ్గర జాగ్రత్త

ఇది మన జిల్లాలవాళ్ళకు ప్రత్యేకం. ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం. కుప్పం పోతే ఒకే అంగట్లో మూడూ వినబడతాయి. చెవిలో పడిన మాటలన్నీ తెలుగే అనిపిస్తాయి, గళ్ళలో అవి మోసం చేస్తాయి. 'తల్లీబిడ్డల మధ్య (2)' అని ఉంటే నేనొకసారి ధీమాగా 'పాసం' రాశాను. అది తమిళంలో ఆప్యాయత. తెలుగు పేపర్లో దాని మూలమైన పాశం అంటే తాడు, అదీ ఎక్కువగా యముడి చేతిలో ఉండేది. జవాబు ప్రేమ.

అక్కర కూడా ఇలాంటిదే. కన్నడంలో అక్కరె అంటే ప్రేమ, తమిళంలో అక్కరై అంటే శ్రద్ధ. తెలుగు నుడికట్టులో మాత్రం అక్కర వస్తే అవసరం అన్న ఆధారానికే వస్తుంది. అలాగని సరిహద్దు అంతా నష్టమే కాదు. కన్నడం ఒలవు తెలిసినవాడికి వలపు ఇట్టే తడుతుంది. 'తోక తెగిన తమిళం, కోరికే (2)' అన్నది చిత్తూరు రైల్లో కూర్చున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు: తమి.

ఇంకో లాభం తిరుపతివాళ్ళది. వాత్సల్యంలో ఉన్న 'త్స'ను నిలువులో దాటించడం కూర్చేవారికి కష్టం. ఆ అక్షరం నడుమ ఉన్న వాడుక మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: ఉత్సవం, వత్సరం, మత్సరం, ఆ పైన మన బ్రహ్మోత్సవం. నిలువులో ఏదో ఒక ఉత్సవం తగిలిందంటే పక్కనే అడ్డంలో వాత్సల్యం ఉందేమో చూడండి. ఉత్సాహం మాత్రం పనికిరాదు, దానిది దీర్ఘం ఉన్న 'త్సా'.

నిఘంటువు ఎప్పుడు తెరవాలి

చివర్లో. ముందే తెరిస్తే పోటీలోకి మాటలు ఇంకా పెరుగుతాయి. రెండు అక్షరాలైనా దాటింపుల్లో దొరికాక, ఇక మాట తట్టదు అనిపించినప్పుడు తెరవండి. అచ్చతెలుగు మాటలకు బ్రౌణ్యం, అంటే బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, బాగుంటుంది, 1852 నాటిదైనా తమి, బాళి, నెనరు లాంటివి అందులో చక్కగా దొరుకుతాయి. సంస్కృతం వాసన వేసే ఆధారమైతే అమరకోశం. అందులో ప్రేమకు ప్రియత, హార్దం, స్నేహం ఒకే వరసలో ఉంటాయి, హార్దం కనబడిన ప్రతిసారీ నాకు ఆ వరసే దిక్కు. ఫోనులో అయితే ఆంధ్రభారతి సైటులో వెతికితే చాలా నిఘంటువులు ఒకేచోట పలుకుతాయి. నెనరు చూస్తే నవ్వు వస్తుంది. నిఘంటువులో ప్రేమ, దయ అని పడుకున్న మాటను అంతర్జాలంలో తెలుగు రాసేవాళ్ళు లేపి, థాంక్స్‌కు బదులు 'నెనరులు' అని పంపడం మొదలుపెట్టారు. కాబట్టి 'కృతజ్ఞతగా మారిన ప్రేమ (3)' ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, కాచుకుని ఉండండి.

చేతికి రెండు

ఒకటి: 'చెప్పమని పాట ఎత్తుకుంటే ప్రేమ పుట్టింది (4)'. అను అంటే చెప్పు, పాట రాగం, ఇంకేం కావాలి.

రెండోది నాది కాదు. మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే అవ్వ గరిటె పట్టుకునే చెప్పింది. రాసుకో నైనా అంది. 'చివరి కొమ్ము విరిగిన ముద్దు, పళ్ళెంలో ఆవిర్లు కక్కతా ఉండాది (2)'. సంగటి తిన్నవాళ్ళకు జవాబు చెప్పక్కర్లేదు.